టీచర్ పోస్టులు, టీచర్ల కొరత: అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

నోటిఫికేషన్ వస్తుందన్న పుకారు పుట్టినా, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఫలితాలొచ్చినా, ఆఖరికి చుట్టాల పెళ్ళికి వెళ్ళినా నన్ను అడిగేవి ఇవే. నేను ఏపీలో ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని (సబ్జెక్ట్ టీచర్‌ని), డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష) రాసే వచ్చా. తెలంగాణలో కొన్ని రూల్స్ వేరు, తేడా ఉన్న చోట చెప్తా.

ఒక పక్క టీచర్లు లేరంటారు, ఇంకో పక్క బీఈడీ చేసినోళ్ళు లక్షల్లో ఖాళీగా ఉన్నారు. ఏది నిజం సార్?

రెండూ నిజమే. ఏపీలో 2025 మెగా డీఎస్సీకి పోస్టులు 16,347. అప్లై చేసినవాళ్ళు దాదాపు 3.36 లక్షల మంది, ఒక్కొక్కరు రెండు మూడు పోస్టులకి పెట్టడంతో అప్లికేషన్లు 5.77 లక్షలు. ఇంత మంది లైన్లో ఉంటే చెప్పేవాళ్ళు లేరని ఎలా అంటాం? మన దగ్గర కొరత మనుషులది కాదు. పోస్టు ఖాళీ అయిన ఏడాది నింపరు, నింపేటప్పటికి అక్కడ చదవాల్సిన పిల్లలు రెండు బళ్ళు మారిపోయి ఉంటారు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే కింద చెప్పేవి చాలా వరకు అర్థమైపోతాయి.

అసలు డీఎస్సీ ఇన్నేళ్ళకోసారి ఎందుకు వస్తుంది?

ఖాళీలు లెక్క కట్టాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, దానికి ముందు రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యని బట్టి పోస్టుల సర్దుబాటు), బదిలీలు, ప్రమోషన్లు అవ్వాలి, అవి అయ్యేలోపు ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు, అది తేలేలోపు ఎన్నికల కోడ్ వస్తుంది, మళ్ళీ మొదటి నుంచి.

ఏపీలోనే చూడండి. 2018లో 7,902 పోస్టులకి డీఎస్సీ వేశారు. తర్వాతది 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల ముందు, 6,100 పోస్టులతో వచ్చింది, అది రద్దయ్యింది. ప్రభుత్వం మారాక 2024 జూన్ 13న ముఖ్యమంత్రి మొదటి సంతకం మెగా డీఎస్సీ ఫైలు మీదే పెట్టారు. సంతకం అయ్యింది కదా అని ప్రిపేరయ్యే పిల్లలు రూములు తీసుకుని కూర్చుంటే, ఎస్సీ వర్గీకరణ తేలే దాకా ఆగి నోటిఫికేషన్ ఇచ్చింది 2025 ఏప్రిల్ 20న. జూన్ 6 నుంచి పరీక్షలు, సెప్టెంబర్ 25న వెలగపూడిలో నియామక పత్రాలు. సంతకానికీ ఉద్యోగానికీ మధ్య పదిహేను నెలలు. ఆ పదిహేను నెలలు హాస్టల్ ఫీజులు ఎవరు కట్టారో ఆ తల్లిదండ్రులకి తెలుసు.

తెలంగాణలో 2017 టీఆర్టీ (డీఎస్సీకి అక్కడ అప్పటి పేరు) 8,792 పోస్టులు. మళ్ళీ 2023 సెప్టెంబర్‌లో 5,089తో నోటిఫికేషన్, ఎన్నికలొచ్చి ఆగింది, తర్వాత దాన్ని రద్దు చేసి 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్తది ఇచ్చారు. దాన్ని మాత్రం గబగబా నడిపారు, జులైలో పరీక్షలు మొదలైతే అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో పది వేల పైచిలుకు మందికి పత్రాలు ఇచ్చేశారు. అంటే గట్టిగా అనుకుంటే ఏడెనిమిది నెలల్లో అయ్యే పనే ఇది. ప్రతి ఏడాది మూడు నాలుగు వేలు వేసుకుంటూ పోతే మెగా అనే మాటే అవసరం ఉండదు, కాకపోతే అప్పుడు స్టేడియంలో సభ పెట్టడానికి కుదరదు అనుకుంటా.

రిటైర్మెంట్ వయసు పెంచారు కదా, దానివల్ల ఖాళీలు తగ్గలేదా?

తగ్గలేదు, రెండు మూడేళ్ళు కనపడకుండా ఆగాయి అంతే. ఏపీలో 2022 జనవరి నుంచి 60 కాస్తా 62 చేశారు, తెలంగాణలో 2021లో 61 చేశారు. ఆ గ్యాప్‌లో వయసు మీద దిగిపోయేవాళ్ళు లేరు కాబట్టి లెక్కల్లో ఖాళీలు నిలకడగా కనిపించాయి. 2024 నుంచి రెండు చోట్లా రిటైర్మెంట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరు ఏ నెలలో దిగిపోతారో సర్వీస్ రిజిస్టర్‌లోనే రాసి ఉంటుంది కదా, అయినా ప్రతిసారీ ఖాళీల లెక్కకి కమిటీలు వేస్తారు.

మా ఊరి బడిలో ఐదు తరగతులకి ఒక్కరే టీచర్. ఇది రూల్ ప్రకారం కరెక్టేనా?

కాదు. విద్యా హక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రైమరీలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉండాలి. అంటే పది మంది ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాల్సిందే. కానీ కేంద్రం వేసే యూడైస్ లెక్కల్లో 2024-25లో దేశం మొత్తం మీద ఒక్క టీచర్‌తో నడిచే బళ్ళు 1,04,125, అందులో ఎక్కువ ఉన్న రాష్ట్రం మనదే, ఆంధ్రప్రదేశ్, 12,912. ఉత్తరప్రదేశ్ కూడా మన తర్వాతే.

దీనికి ఒక కారణం 2022లో వచ్చిన జీవో 117. 3, 4, 5 తరగతుల పిల్లల్ని దగ్గర్లో ఉన్న హైస్కూళ్ళకి పంపేశారు, ఊళ్ళో 1, 2 తరగతులే మిగిలాయి, 30 మంది లోపు ఉంటే ఒక్క ఎస్జీటీ (ప్రైమరీ టీచర్) చాలన్నారు. తల్లిదండ్రులు ఆ చిన్న పిల్లల్ని రోడ్డు దాటించి హైస్కూల్‌కి పంపడం కంటే ఇంటి ముందుకొచ్చే ప్రైవేట్ స్కూల్ బస్సు ఎక్కించడమే నయం అనుకున్నారు. 2025లో ఆ జీవో రద్దు చేశారు, ఇప్పుడు బళ్ళని తొమ్మిది రకాలు చేసి మోడల్ ప్రైమరీ స్కూళ్ళలో తరగతికో టీచర్ అంటున్నారు. మోడల్ అయిన ఊరికి బాగుంది, మోడల్ అవ్వని ఊళ్ళ సంగతే తేలాలి.

ఏకోపాధ్యాయ బడిలో ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్తా, మా ఇంట్లోనే ఒకరు చేస్తున్నారు కాబట్టి రోజూ వింటా. పొద్దున తొమ్మిదిలోపు ముందు తన హాజరు ఫోన్లో ముఖం చూపించి వెయ్యాలి, సిగ్నల్ కోసం వేపచెట్టు దగ్గరికి వెళ్ళాలి, తర్వాత పిల్లల హాజరు, తర్వాత ఎంత మంది అన్నం తింటారు, ఎన్ని గుడ్లు, ఎన్ని చిక్కీలు. అప్పటికి ఒకటో తరగతి పిల్లలు పలకల మీద దిద్దమన్న అ ఆలు చెరిపేసి బొమ్మలు గీసుకుంటూ ఉంటారు. ఐదో తరగతిలో కాస్త హుషారైన పిల్లని ఒకటో తరగతికి టీచర్‌ని చేసి, మూడు నాలుగు కలిపి ఒక బోర్డు మీద లెక్కలు వేస్తే, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీస్ నుంచి ఫోన్, ఫలానా వివరాలు అర్జెంట్, పన్నెండులోపు. టీచర్‌కి జ్వరం వస్తే పక్క ఊరి బడి నుంచి ఒకర్ని సర్దుతారు, అప్పుడు ఆ బడిలో ఒకరే మిగులుతారు. ట్రైనింగ్ పెడితే బడికి తాళమే.

టీచర్లు సర్‌ప్లస్ ఉన్నారని కూడా పేపర్లో వస్తుందిగా?

వస్తుంది, అదీ అబద్ధం కాదు. దేశంలో టీచర్ల సంఖ్య 2024-25లో మొదటిసారి కోటి దాటింది. చట్టం ప్రకారం ప్రైమరీలో 30 మందికి ఒకరు, అప్పర్ ప్రైమరీలో 35 మందికి ఒకరు, రాష్ట్రం మొత్తం పిల్లల్ని మొత్తం టీచర్లతో భాగిస్తే లెక్క బ్రహ్మాండంగా వస్తుంది. కానీ టౌన్ పక్కన హైవే మీద ఉన్న బడిలో టీచర్లు నిండుగా ఉంటారు, బస్సు దిగి ఆరు కిలోమీటర్లు బండి మీద వెళ్ళాల్సిన బడికి ఎవరూ ఆప్షన్ పెట్టరు. తెలంగాణలో అదే ఏడాది ఒక్క పిల్లాడు కూడా లేని బళ్ళు 2,245 అని అదే లెక్కల్లో ఉంది. సగటు తీస్తే రెండూ కలిసిపోయి అంతా సవ్యంగా కనిపిస్తుంది.

ఏ పోస్టులకి పోటీ తక్కువ?

ఇది సూటిగా చెప్పలేం, జిల్లాని బట్టి, రోస్టర్‌ని (రిజర్వేషన్ వరసని) బట్టి మారుతుంది. మామూలుగా సోషల్, బయాలజీ, మ్యాథ్స్‌కి జనం విపరీతం.  స్పెషల్ ఎడ్యుకేషన్‌కి (దివ్యాంగ పిల్లలకి చెప్పే పోస్టులకి) అర్హత ఉన్నవాళ్ళు తక్కువ, తెలంగాణ 2024 డీఎస్సీలో ఆ పోస్టులు ఎస్జీటీ 796, స్కూల్ అసిస్టెంట్ 220 ఇచ్చారు. ఏపీ మెగా డీఎస్సీలో ఇంత పోటీలో కూడా చివరికి 15,941 మందే సెలెక్ట్ అయ్యారు, 406 పోస్టులకి ఆ రోస్టర్‌లో అర్హులు దొరకలేదు. లక్షల మంది రాసినా 406 మిగిలాయంటే ఎక్కడ మనుషులున్నారు, ఎక్కడ లేరు అనేది మీరే ఆలోచించండి.

బీఈడీ చేశా, ఎస్జీటీ రాయొచ్చా అన్నా?

రాయలేవు తమ్ముడూ. 2023 ఆగస్ట్ 11న సుప్రీం కోర్టు ప్రైమరీ టీచర్ పోస్టుకి బీఈడీ పనికిరాదు అని తేల్చేసింది. ఎస్జీటీకి డీఈఎల్ఈడీ ఉండాలి, మనోళ్ళు ఇప్పటికీ డీఎడ్ అనో టీటీసీ అనో అంటారు. నీకు స్కూల్ అసిస్టెంట్, టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులు ఉన్నాయి. కొంతమంది బీఈడీ అయ్యాక మళ్ళీ డీఈఎల్ఈడీలో చేరుతున్నారు, వయసు తక్కువుంటే అది తప్పేం కాదు, ఎందుకంటే మెగా డీఎస్సీలో ఎస్జీటీలే ఆరు వేల పైన, తెలంగాణలో అయితే 11,062లో 6,508 ఎస్జీటీలే.

టెట్‌లో క్వాలిఫై అయితే చాలా? మళ్ళీ మళ్ళీ రాయాలా?

క్వాలిఫై అయ్యి కూర్చోవద్దు. టెట్ 150 మార్కులకి, అందులో ఓసీలకి 90, బీసీలకి 75, ఎస్సీ ఎస్టీ దివ్యాంగులకి 60 వస్తే పాస్. సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. కానీ డీఎస్సీ ర్యాంకులో పరీక్షకి 80, టెట్‌కి 20. టెట్‌లో 90 వస్తే ఆ ఇరవైలో నీకు వచ్చేది 12. పక్కవాడికి 135 ఉంటే వాడికి 18. ఆరు మార్కులు తేడా. డీఎస్సీలో ప్రశ్నకి అర మార్కు, అంటే హాల్లో అడుగు పెట్టకముందే వాడు నీ కంటే పన్నెండు ప్రశ్నలు ముందున్నాడు. పాయింట్లలో ర్యాంకులు మారే చోట ఇది చాలా పెద్ద దూరం. నోటిఫికేషన్ లేని ఖాళీ టైమ్‌లో చేయాల్సిన పని ఏదన్నా ఉందంటే టెట్ మార్కు పెంచుకోవడమే.

ఇప్పటికే పని చేస్తున్న టీచర్లు కూడా టెట్ రాయాలంటగా? మా నాన్నగారికి యాభై దాటాయి, రోజూ అదే టెన్షన్.

అవును. 2025 సెప్టెంబర్ 1న సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. రిటైర్మెంట్‌కి ఐదేళ్ళకి మించి సర్వీస్ ఉన్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాస్ అవ్వాలి. ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళు అలాగే కొనసాగొచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి. మైనారిటీ స్కూళ్ళ సంగతి పెద్ద బెంచ్‌కి పంపారు. మీ నాన్నగారి వయసు వాళ్ళ దగ్గర పాతికేళ్ళ కిందట పాఠం విన్న పిల్లలు ఇప్పుడు టెట్ కోచింగ్ చెప్తున్నారు, వాళ్ళ ముందు కూర్చోవాలంటే కష్టంగానే ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, కొత్తగా వచ్చేవాళ్ళకి టెట్ ఉండాలి, కాని అప్పటి రూల్స్ ప్రకారం డీఎస్సీ కొట్టి వచ్చినవాళ్ళకి ఇన్నేళ్ళ తర్వాత పెట్టడం సరిగ్గా అనిపించదు. సంఘాలు రివ్యూ అంటున్నాయి, చట్ట సవరణ అంటున్నాయి, అయితే అవుతుంది, లేకపోతే లేదు. ఈలోపు ఆయన్ని పుస్తకం తీయమనండి. పేపర్-1, పేపర్-2 రెండిట్లోనూ చైల్డ్ డెవలప్‌మెంట్ భాగం ఉంటుంది, అది ఒక్కటి కొత్తగా చదవాలి, మిగతాది ఆయన రోజూ చెప్పేదే.

మా అమ్మాయి ఇంటర్ రాసింది, టీచర్ అవుతానంటుంది. ఏ దారి మంచిది?

మూడు దార్లు ఉన్నాయి. ఒకటి, డీఈఈసెట్ రాసి డైట్‌లో (ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ కాలేజీలో) డీఈఎల్ఈడీ, రెండేళ్ళు, ప్రైమరీకి. రెండు, డిగ్రీ చేసి ఎడ్‌సెట్ రాసి బీఈడీ, మొత్తం ఐదేళ్ళు. మూడోది చాలామందికి తెలియదు, ఇంటర్ అయిన వెంటనే నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీఈడీ, జాతీయ స్థాయిలో ఎన్‌సెట్ రాయాలి. మైసూర్ రీజనల్ కాలేజీలో ఎప్పటి నుంచో నాలుగేళ్ళ బీఎస్సీ బీఈడీ ఉంది, మన రెండు రాష్ట్రాల పిల్లలకి అక్కడ సీట్లు ఉంటాయి, వరంగల్ నిట్‌లో కూడా మొదలైంది. జాతీయ విద్యా విధానంలో 2030కల్లా ఈ నాలుగేళ్ళదే కనీస అర్హత చేస్తామని రాశారు. అమ్మాయికి చదువు మీద నిజంగా ఇష్టం ఉంటే నేనైతే మూడోదే అంటాను. డీఈఎల్ఈడీ ప్రైవేట్ కాలేజీల్లో కొన్ని ఉన్నాయి, కాలేజీకి రానక్కర్లేదు, ఫీజు కడితే చాలు అంటారు, వాటి జోలికి వెళ్ళకండి, క్లాస్‌లో నిలబడ్డ మొదటి రోజే ఆ రెండేళ్ళు ఏమయ్యాయో పిల్లలకి అర్థమైపోతుంది.

కోచింగ్‌కి అవనిగడ్డ వెళ్ళాలా?

వెళ్ళి తీరాలని లేదు. అవనిగడ్డ, నంద్యాల, హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, పేరున్న చోట్లే. అక్కడ దొరికేది ఎక్కువగా వాతావరణం, పక్క మంచం వాడు తెల్లారుజామున నాలుగింటికి లేస్తే మనకీ నిద్ర పట్టదు. కానీ నోటిఫికేషన్ తేదీ తెలియకుండా వెళ్ళి నెలలకి నెలలు అక్కడే ఉంటే డబ్బులూ పోతాయి, ఊపూ పోతుంది. డీఎస్సీ ప్రశ్నల్లో చాలా భాగం స్కూల్ టెక్స్ట్‌బుక్స్ నుంచే వస్తాయి. మూడు నుంచి పది దాకా పుస్తకాలు లైను లైను చదివినవాళ్ళు ఇంటి దగ్గరుండి కొట్టినవాళ్ళు నాకు తెలిసి చాలామంది ఉన్నారు.

జీతం ఎంత వస్తుంది? పెన్షన్ ఉంటుందా?

ఏపీలో ఎస్జీటీ స్కేల్ 32,670 నుంచి, స్కూల్ అసిస్టెంట్‌ది 44,570 నుంచి మొదలు. తెలంగాణలో 31,040, 42,300. వీటి మీద డీఏ, హెచ్ఆర్ఏ కలుస్తాయి. తర్వాతి పీఆర్సీ (జీతాల సవరణ) రెండు చోట్లా 2023 జులై నుంచి వర్తించాలి. పాత పెన్షన్ లేదు, 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్ళందరికీ సీపీఎస్సే (జీతంలోంచి వాటా కట్టే పెన్షన్). 2003 డీఎస్సీ వాళ్ళది ఇంకా బాధ, నోటిఫికేషన్ ఆ తేదీకి ముందు, చేరింది తర్వాత, ఇప్పటికీ తిరుగుతున్నారు.

ప్రైవేట్ స్కూల్లో చేస్తూ డీఎస్సీ ప్రిపేర్ అవ్వొచ్చా?

చేస్తున్నవాళ్ళే ఎక్కువ. పది, పన్నెండు వేలకి రోజుకి ఏడు పీరియడ్లు, సాయంత్రం స్టడీ అవర్, వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగడం, పైగా మే నెల జీతం ఇవ్వని చోట్లు. ప్రైవేట్లో మంచి టీచర్ నిలవకపోవడం కూడా కొరతే, కానీ దాన్ని ఎవరూ లెక్క రాయరు. మెగా డీఎస్సీ అయ్యాక విద్యా సంవత్సరం మధ్యలో వేల మంది ఒకేసారి వెళ్ళిపోతే ఆ స్కూళ్ళలో పదో తరగతి పిల్లల పరిస్థితి ఏంటో ఆలోచించండి. ఒకటి మాత్రం నిజం, అక్కడ రెండేళ్ళు చెప్పినవాడికి క్లాస్ కంట్రోల్ వచ్చేస్తుంది, అది ఏ కోచింగ్‌లోనూ రాదు.

ఏజెన్సీలో టీచర్ల సంగతి ఏంటి?

ఇది పెద్ద విషయం. షెడ్యూల్డ్ ఏరియాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఎస్టీలకే అని 2000 జనవరిలో జీవో 3 ఇచ్చారు. ఎందుకంటే మైదానం నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు కాదు, వారానికి ఒకసారి కొండెక్కి సంతకాలు పెట్టి దిగేవాళ్ళు, పిల్లలకి కోయ, కువి, సవర తప్ప తెలుగు రాదు, వెళ్ళినవాళ్ళకి అవి రావు. 2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు వంద శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవో కొట్టేసింది. దాంతో మెగా డీఎస్సీ టైమ్‌లో మన్యంలో ఆందోళనలు జరిగాయి, డీఎస్సీ రాసే ఆ గిరిజన పిల్లల కోపంలో న్యాయం ఉంది. కోర్టు చెప్పిన దానికి లోబడే స్థానికులకి దారి చూపించొచ్చు, ఉదాహరణకి పిల్లల భాష వచ్చి ఉండాలని పెట్టొచ్చు.

కేంద్రం గిరిజన పిల్లలకి నడిపే ఏకలవ్య రెసిడెన్షియల్ స్కూళ్ళలో దీనికి పూర్తిగా రివర్స్. దేశం మొత్తానికి ఒకే పరీక్ష పెట్టారు, అందులో హిందీ ఉండాలన్నారు, ఉత్తరాది నుంచి సెలెక్ట్ అయినవాళ్ళు మన ఏజెన్సీ బళ్ళకి వచ్చి పడ్డారు. పాపం వాళ్ళకీ కష్టమే, వచ్చిన దగ్గర్నుంచి ట్రాన్స్‌ఫర్ కోసం ఎదురుచూపులు.

రెగ్యులర్ పోస్టులు లేవు, వాలంటీర్‌గా చేరమంటున్నారు. చేరనా?

అనుభవం కోసం అయితే చేరండి, పర్మినెంట్ చేస్తారన్న ఆశతో వద్దు. స్పెషల్ టీచర్లని 398 రూపాయలకి పెట్టుకున్న రోజుల నుంచి ఇదే వరస, తర్వాత అప్రెంటిస్‌లు, విద్యా వాలంటీర్లు, ఇప్పుడు అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు. పేరు మారుతుంది, ఏప్రిల్‌లో ఇంటికి పంపడం మారదు. 1998 డీఎస్సీలో మిగిలిపోయిన వాళ్ళకి ఏపీలో 2023లో కాంట్రాక్ట్ మీద మినిమమ్ టైమ్ స్కేల్ ఇచ్చారు, చాలామంది యాభై దాటాక మొదటిసారి బడిలో అడుగుపెట్టారు, కొందరు అప్పటికి తాతలు కూడా అయ్యారు.

ఒక్కరికే రెండు మూడు ఉద్యోగాలు వస్తే మిగతావి ఏమవుతాయి?

ఆగిపోతాయి, అదే బాధ. తెలంగాణ గురుకులాల్లో 2023లో 9,210 పోస్టులకి పరీక్షలు పెట్టారు. ఒకే మనిషికి జేఎల్ (జూనియర్ లెక్చరర్), పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్), టీజీటీ అన్నీ వచ్చాయి, ఒక దాంట్లో చేరితే మిగతావి ఖాళీ. పెద్ద పోస్టు ముందు నింపి కిందకి వస్తే ఈ బాధ తగ్గుతుంది. ఏపీ మెగా డీఎస్సీలో ఈ గొడవ తెలిసే అప్లికేషన్లోనే ఏ పోస్టు ముందు కావాలో ప్రిఫరెన్స్ పెట్టించారు. కొంతమంది సరదాకి పెట్టిన మొదటి ఆప్షనే వచ్చేసి లబోదిబోమన్నారు. అది నింపేటప్పుడు నెట్ సెంటర్ అబ్బాయికి వదిలేయకండి, మీరే పక్కన కూర్చోండి.

అమెరికాలో టీచర్ల కొరత అంట, ఇక్కడి నుంచి తీసుకుంటారంట?

తీసుకుంటారు. మ్యాథ్స్, సైన్స్, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి జే-1 ఎక్స్ఛేంజ్ వీసా మీద, డిగ్రీ, రెండేళ్ళ అనుభవం, ఇంగ్లీష్ ఉండాలి. వీసా మూడేళ్ళు, పొడిగిస్తే ఐదు, ఆ తర్వాత తిరిగి రావాలి. హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. గ్రీన్ కార్డ్ గ్యారంటీ అని లక్షలు అడిగేవాడు కనిపిస్తే అక్కడే ఆగండి.

వయసు 41, ఐటీ వదిలేసి రావాలనుంది, లేట్ అయ్యిందా?

ఏపీ మెగా డీఎస్సీలో ఓసీలకి గరిష్ట వయసు 44, ఎస్సీ ఎస్టీ బీసీలకి ఐదేళ్ళు సడలింపు. తెలంగాణ 2024లో 46. బీఈడీ రెండేళ్ళు, టెట్, తర్వాత నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో. లెక్క వేస్తే ఓసీ అయితే కష్టం, మంచి ప్రైవేట్ స్కూల్ వైపు చూడండి.

నోటిఫికేషన్ రాకముందే ఏం రెడీ పెట్టుకోవాలి?

అన్నిటికంటే ముందు స్టడీ సర్టిఫికెట్లు. ఏ జిల్లాకి లోకల్ అవుతారనేది వాటి మీదే తేలుతుంది, ఏపీ మెగా డీఎస్సీలో 4 నుంచి 10 వరకు ఎక్కడ చదివారో చూశారు, తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత 1 నుంచి 7 వరకు. తెలంగాణలో 95 శాతం పోస్టులు లోకల్‌కే, ఏపీ మెగా డీఎస్సీలో 80 ఇచ్చారు. మధ్యలో ఒక ఏడాది అమ్మమ్మగారి ఊళ్ళో చదివినా ఆ కాగితం కావాలి. చదివిన ప్రైవేట్ స్కూల్ మూతపడితే ఎంఈఓ ఆఫీస్‌లో రికార్డులు ఉన్నాయేమో ఇప్పుడే అడగండి, వెరిఫికేషన్ వారంలో వెళ్తే అక్కడ వంద మంది ఉంటారు. కులం సర్టిఫికెట్, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఏడాదిది, టెట్ మార్కుల మెమో, డిగ్రీ ప్రొవిజనల్ కాదు ఒరిజినల్. పేరు స్పెల్లింగ్ పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ముందు ఆధార్ మార్పించుకోండి, మెమో మార్పించడం ఆర్నెల్ల పని.